ఆన్‌లైన్ పోటీ గేముల్లో చీటింగ్ ఎందుకు ఆగదు? బహుమతులు పెంచితే తగ్గుతుందా?

మూలకారణం గేమ్ నడిచే తీరులోనే ఉంది. షూటింగ్ గేముల్లో సాధారణంగా గోడ వెనకున్న ప్రత్యర్థి మీకు కనిపించకపోయినా, అతడు ఎక్కడున్నాడో సర్వర్ మీ కంప్యూటర్‌కు ముందే పంపుతుంది. లేకపోతే అతడు మూల తిరిగినప్పుడు ఆలస్యంగా కనిపిస్తాడు. వాల్‌హ్యాక్ అనే చీటింగ్ ప్రోగ్రాము ఆ సమాచారాన్ని మీ కంప్యూటర్ మెమరీలోంచి చదివి చూపిస్తుంది. ఎయిమ్‌బాట్ అనే మరో రకం ప్రోగ్రాము గురి కూడా తానే పెడుతుంది.

2020లో వచ్చిన వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ దీన్ని ఆపడానికి రెండు దారులు పట్టింది. ప్రత్యర్థి కనబడబోయే దాకా అతడి స్థానాన్ని పంపకపోవడం ఒకటి. వాన్‌గార్డ్ అనే నిఘా ప్రోగ్రామును విండోస్ కెర్నెల్ స్థాయిలో, అంటే కంప్యూటర్‌పై పూర్తి అధికారం ఉండే లోపలి పొరలో, నడపడం రెండోది. నాకు మొదటిదే మేలనిపిస్తుంది, మీ కంప్యూటర్‌కు రాని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా. అయితే ఎయిమ్‌బాట్‌ను అదొక్కటే ఆపలేదు. రెండోది గట్టిదే, కానీ ఒక ఆట కోసం కంప్యూటర్‌పై అంత అధికారం ఇవ్వాలా అనే అభ్యంతరమూ న్యాయమైనదే.

ఉచిత గేముల్లో బ్యాన్ భయం తక్కువ. కొత్త ఖాతా తెరవడానికి ఖర్చు లేదు. అందుకే కొన్ని గేములు ఫోన్ నంబర్ అడుగుతాయి, ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్‌నే నిషేధిస్తాయి.

ఇక బహుమతులు. నెలల తరబడి ఆడితే ఒక బ్యాడ్జి, సీజన్ మారగానే ర్యాంకు కిందికి. నిరుత్సాహం సహజమే. కానీ బహుమతి విలువ పెంచితే డబ్బు తీసుకుని వేరేవాళ్ల ఖాతాలో ఆడిపెట్టేవాళ్లు, ఖాతాలు అమ్మేవాళ్లు కూడా పెరుగుతారు. దానికన్నా ముందు, చీటర్ చేతిలో పోయిన ర్యాంకు పాయింట్లు తిరిగివ్వాలి, మన ఫిర్యాదు ఏమైందో చెప్పాలి.