మన యాసల రాక్ పాడితే ఎవరన్న ఇంటరా?

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడల దోస్తులం బ్యాండ్ పెట్టినం, మొదటి ఆల్బం మన యాసలనే రాసినం. హార్డ్ రాక్ ఇంగ్లీషుల లేకుంటే ఎవరింటరు అంటున్నరు. మార్చాల్నా?

జవాబు: వద్దు తమ్మీ, అస్సలు మార్చకు. నార్వేల స్టావెంగర్ పోరలు ఆరుగురు, అండ్ల ముగ్గురు గిటార్లే, క్వెలెర్టాక్ అని బ్యాండ్ పెట్టి 2010ల మొదటి ఆల్బం తెచ్చిండ్రు, పాటలన్నీ నార్వేజియన్‌లనే, పేరుకు కూడా గొంతు పిసికే పట్టు అని అర్థం, పాడెటోడు గుడ్లగూబ తలకాయ పెట్టుకొని స్టేజి ఎక్కెటోడు. తర్వాత యూరప్‌ల మెటాలికా అనే పేరుమోసిన అమెరికా బ్యాండ్ షోలల్ల, వాళ్ల కంటే ముందు స్టేజి ఎక్కి వాయించే దాక పోయిండ్రు! నార్వేలనే ట్రాండ్‌హైమ్ ఊరి బ్యాండ్ టీఎన్‌టీ 1982 ఆల్బం కూడా సొంత భాషలనే, ఇంగ్లీషుకు తర్వాత మారిండ్రు. నాకైతే మన "ఏందిరా" అనే మాట గట్టిగ అంటేనే డ్రమ్ము మీద దెబ్బ పడ్డట్టుంటది. రికార్డింగుల మాత్రం గొంతును గిటార్ల కింద మునగనియ్యకుండ్రి, మాట ఇనబడాలె.