టీవీలో చూసిన ఆ ఆఫీసరమ్మల ఉద్యోగమే కావాలంటోంది మా అమ్మాయి

రాజాం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. వాళ్ల పెద్దబ్బాయి ఆర్మీలో జవాను, జమ్ము వైపు పోస్టింగు. అమ్మాయి శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ గురించి కర్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ టీవీలో వివరించడం చూసింది. అప్పట్నుంచీ, యుద్ధం వస్తే సైన్యం తరఫున విలేకరులతో మాట్లాడే ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టింది. 'డిఫెన్స్ కమ్యూనికేషన్' కోర్సంటూ ఒక ప్రైవేటు సంస్థ బ్రోషర్ కూడా ఇంటికి తెచ్చింది. ఆర్మీ ఆఫీసర్‌గా వెళ్లాలా, కేంద్ర సమాచార సర్వీసులో చేరాలా, రక్షణ విలేకరి కావాలా, మూడింట్లో ఏది మేలని ఆయన ప్రశ్న. చివర్లో ఇలా రాశారు: "బ్యాంకు కోచింగుకి పంపుదామనుకున్నానండి. ఆ గుంట వినడం లేదు. ఎన్‌సీసీ క్యాంపంటే ఆడపిల్లకెందుకని ఆపేశాను. ఆ మే నెలలో మూడు రాత్రులు మావాడి ఫోను కలవలేదు. టీవీ చూసి చూసి వాళ్లమ్మ మంచం పట్టింది. ఇదంతా అబద్ధం నాన్నా, నేను చూశాను అని అమ్మాయి అంటే కసిరేశాను. తర్వాత అదే నిజమైంది. అలాంటి అబద్ధాలవాళ్ల మధ్యకి పిల్లని పంపమంటారా?"

అయ్యా, ఏదైనా పెద్ద సంఘటన జరిగాక టీవీలో కనిపించిన ఉద్యోగమే కావాలని పిల్లలు నా దగ్గరకు రావడం మామూలే. వెనకాలే పెద్దవాళ్లు వచ్చి జీతమెంత, ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా అని అడుగుతారు. మీరు జీతం మాట ఎత్తలేదు. పిల్ల అబద్ధాలు చెప్పే మనిషైపోతుందేమోనని భయపడ్డారు. ముందు దానికి జవాబు చెబుతాను, పోలిక సంగతి తర్వాత చూద్దాం.

మే 8 రాత్రి కరాచీ ఓడరేవును మన నేవీ ధ్వంసం చేసిందని చాలా ఛానెళ్లు ఊదరగొట్టాయి. అలాంటిదేమీ జరగలేదు. ఆ మాట సైన్యం బ్రీఫింగులో వచ్చింది కాదు. సైనిక కదలికలను లైవ్‌లో చూపించవద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఏప్రిల్ 26నే ఛానెళ్లకు చెప్పింది. 2008 ముంబై దాడుల్లో లైవ్ ప్రసారాలు చూసి, సరిహద్దు అవతల కూర్చున్నవాళ్లు ఇక్కడి ఉగ్రవాదులకు సూచనలిచ్చారు కాబట్టి ఆ నిబంధనకు అర్థం ఉంది. కానీ కెమెరాలు ఆపినంత మాత్రాన జనం ఆత్రం ఆగదు. సైన్యం నోరు విప్పని గంటల్లో ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపేస్తారు. ఆ రాత్రి మీ ఇంట్లోకి వచ్చింది అదే. మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగం ఆ ఖాళీలో నిలబడి చేసేది.

అది ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూపిస్తాను. ఒకప్పుడు నా దగ్గర సలహా తీసుకున్న అబ్బాయి ఇప్పుడు విశాఖలో ఒక పత్రికకు నేవీ వార్తలు రాస్తాడు. ఒకసారి తన ఫోను చూపించాడు. రాత్రి పదకొండు దాటాక సముద్రం వైపు పెద్ద చప్పుడు వినిపించిందని భీమిలి నుంచి ఎవరో చెప్పారట. నేవీ తరఫున విలేకరులతో మాట్లాడే పీఆర్వోకి "సార్, ఏమైనా ఉందా?" అని మెసేజ్ పెట్టాడు. "కనుక్కుని చెప్తా" అని వచ్చింది. నలభై నిమిషాల తర్వాత ఇంకొకటి: "ముందే అనుకున్న ఫైరింగ్ ప్రాక్టీసు. ఏ ఓడ, ఎక్కడ అనేది చెప్పలేను. ప్రమాదం కాదు, అంతవరకు రాసుకోవచ్చు." ఆ రెండు మెసేజ్‌ల మధ్య ఆ ఆఫీసరు ఆపరేషన్స్ గదికి ఫోన్ చేసి, నిద్రపోతున్న పై అధికారిని లేపి, ఏ మాట బయటికి వెళ్లొచ్చు, ఏది వెళ్లకూడదు అని ఒక్కొక్కటీ ఖాయం చేసుకుని ఉంటాడు. యుద్ధంలోనూ పని ఇదే. కాకపోతే ఒక్క విలేకరి బదులు వందమంది ఫోన్లు చేస్తుంటారు.

ఇంకో సంగతి, జవాను తండ్రిగా మీరు వినాలి. అమరుడైన సైనికుడి పేరు ఇంటివాళ్లకు తెలియకముందు టీవీలో రాకూడదు. పేరు ముందే చేతికి చిక్కిన విలేకరిని "కాసేపు ఆగండి, ఇంకా ఇంటికి చెప్పలేదు" అని బతిమాలేది ఈ ఆఫీసరే. ఆ మాటకు విలేకరి ఆగాలంటే, అంతకుముందు ఒక్కసారి కూడా అతనికి అబద్ధం చెప్పి ఉండకూడదు. చెప్పలేనంటే ఏ విలేకరీ పగ పట్టడు. ఒక్కసారి అబద్ధమాడితే మాత్రం ఆ తర్వాత ఎన్ని నిజాలు చెప్పినా నమ్మడు.

ఆలస్యం చేసిన ప్రతిసారీ దాచారనుకోకండి. మన తీరంలోనే చూడండి. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకు విశాఖ దగ్గర మునిగింది. ప్రకటన వచ్చింది 9న. ఆ మధ్యలో మత్స్యకారులకు సముద్రంలో ఆనవాళ్లు దొరికాయి, డైవర్లు లోపలికి దిగి చూసి వచ్చారు. అది ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలూ ఈనాటికీ చెరో కథ చెబుతాయి. ఆధారం చేతికొచ్చేదాకా నోరు కట్టుకోవడం ఈ ఉద్యోగంలో సగం పని.

ఇన్ని చెప్పాక, మీ భయం ఉత్తదేనని తీసిపారేస్తే అది నా అబద్ధం అవుతుంది. అదే యుద్ధంలో డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర మన పారాట్రూపర్లు దిగారు. దిగింది ఒక బెటాలియన్, వందల్లో మనుషులు. ఐదు వేల మంది దిగారని విదేశీ పత్రికల్లో వచ్చింది. అప్పటి రక్షణశాఖ పీఆర్వో రామ్మోహన్ రావు పత్రికలకు ఇచ్చిన ఫొటో, అంతకుముందు విన్యాసాల్లో కొన్ని బెటాలియన్లు కలిసిన బ్రిగేడ్ మొత్తం దూకినప్పటిది. ఐదు వేలని ఆయన అనలేదు. పాత ఫొటో అని కూడా అనలేదు. ఐదు రోజులకు ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. ఆ ఫొటో శత్రువు ధైర్యాన్ని దెబ్బతీసిందని మెచ్చుకునేవాళ్లున్నారు, వాళ్ల వాదనలో బలముంది కూడా. నేను మాత్రం దాన్ని పిల్లలకు ఆదర్శంగా చెప్పను. ఈ రోజుల్లో పాత ఫొటో అని నిమిషాల్లో పట్టేస్తారు, ఆ మర్నాడు అసలు ఫొటో ఇచ్చినా ఎవరూ నమ్మరు.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుద్గాంలో మన వాయుసేన హెలికాప్టర్ కూలి ఆరుగురు సిబ్బంది, కింద ఒక పౌరుడు చనిపోయారు. తగిలింది మన క్షిపణే. అది మా పెద్ద తప్పని ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నది అక్టోబర్‌లో. మధ్యలో ఏడు నెలలు. ఆ ఏడు నెలలు విలేకరుల ఫోన్లు ఎత్తాల్సిన కుర్చీలో మీ అమ్మాయి ఉంటే ఏం చేసేది? ఈ ప్రశ్న ఆమెనే అడగండి. జవాబు తప్పైనా ఫర్వాలేదు. ఆలోచనలో పడితే చాలు, ఈ పనికి కావలసిన మనసు ఉన్నట్టే.

ఇక ఆ బ్రోషర్. దాని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ జిల్లాల్లో పొలం తాకట్టు పెట్టి ఇలాంటి ఫీజులు కట్టిన కుటుంబాలను నేను చూశాను. అమెరికాలో సైనిక ప్రజా సంబంధాలు ఒక ప్రత్యేక ఉద్యోగ విభాగం, దానికి మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో రక్షణ శాఖ సొంత స్కూలు ఉంది. మనకు అలా నేరుగా చేరే దారి లేదు. ప్రైవేటు సర్టిఫికెట్ చూసి సైన్యం ఎవరినీ పీఆర్వోగా తీసుకోదు. మీ అమ్మాయి టీవీలో చూసినవాళ్లలో సోఫియా ఖురేషీ సైన్యంలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగం ఆఫీసరు, వ్యోమికా సింగ్ హెలికాప్టర్ పైలట్. 1999లో కార్గిల్ యుద్ధ వివరాలు రోజూ చెప్పిన కర్నల్ బిక్రమ్ సింగ్ పదాతిదళం మనిషి, తర్వాత ఆర్మీ చీఫ్ అయ్యారు. వీళ్లెవరూ మైకు కోసం సైన్యంలో చేరలేదు. తమ పని బాగా తెలుసు కాబట్టి మైకు వాళ్ల దగ్గరకు వచ్చింది. బ్రోషర్‌లో యూనిఫాం బొమ్మ చూసి లక్షలు కట్టకండి.

డిఫెన్స్ యూట్యూబ్ ఛానెల్ పెట్టి పేరు తెచ్చుకోవచ్చన్న ఆలోచన కూడా పిల్లల్లో పెరిగిపోయింది. మ్యాపు మీద ఎర్ర బాణాలు గీసి, 'మా సోర్సులు చెప్పాయి' అని గంటసేపు మాట్లాడతారు. తప్పని తేలితే వీడియో తీసేస్తారు తప్ప సవరణ చెప్పరు. 2003లో ఇరాక్‌లో అమెరికా సైన్యంతో కలిసి వెళ్లిన వందలాది విలేకరులు, దళం ఎక్కడుందో, ఎటు వెళుతుందో బయటపెట్టబోమని ముందే నిబంధనలకు ఒప్పుకున్నారు. హెరాల్డో రివెరా అనే టీవీ విలేకరి కెమెరా ముందే ఇసుకలో దళం ఉన్న చోటు గీసి చూపించాడు. ఇరాక్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. పేరున్న మనిషికే ఆ గతి పట్టింది. లైకుల కోసం బతికే అలవాటు ఈ పనికి మొదటి శత్రువు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. కొడుకుని సరిహద్దుకు పంపిన మనిషి, కూతుర్ని పది రోజుల ఎన్‌సీసీ క్యాంపుకి పంపలేకపోయారా? మూడు రాత్రులు ఆ టీవీ ఆన్‌లో ఉంచింది ఎవరు? వాళ్లమ్మ పడిపోయేదాకా ఎందుకు కట్టేయలేదు? మీ ఇంట్లో ఆ రాత్రి స్థిమితంగా ఉన్నది ఒక్క ఆ పిల్లే. ఇల్లంతా భయపడుతుంటే ఏది నిజమో వెతికింది, వెతికి మీతో చెప్పింది, మీరు కసిరినా మాట మార్చలేదు. ఒక పీఆర్వోలో పై అధికారులు చూసే గుణం అదే. మీరు దాన్ని మొండితనం అంటున్నారు. ఆమెకు మీరు ఒక మాట బాకీ ఉన్నారు: "ఆ రోజు నువ్వే కరెక్టమ్మా" అని చెప్పండి.

అబద్ధాలకోరు అవుతుందన్న బెంగ పెట్టుకోకండి. అబద్ధం పొడగిట్టని పిల్ల కాబట్టే ఈ ఉద్యోగం మీద మనసు పడింది. రేపు మీలాంటి ఇంకో ఇంటికి సరైన మాట సరైన వేళకు చేరాలంటే ఇలాంటి పిల్లలే అక్కడ ఉండాలి. ఈ మాట మిమ్మల్ని ఊరడించడానికి చెప్పడం లేదు, నిజంగా నమ్మి చెబుతున్నాను.

మూడు దారుల గురించి అడిగారు కదా. యూనిఫాం మీద మనసుంటే ముందు అదే ప్రయత్నించాలి, పాతికేళ్లు దాటితే ఆ తలుపులు చాలావరకు మూసుకుంటాయి. కాకపోతే అందులో పీఆర్వో పోస్టింగు కొన్నేళ్లు వచ్చి పోయేది, అడిగితే ఇచ్చేది కాదు. సమాచార సర్వీసు సివిల్స్ ద్వారా. రక్షణశాఖ ప్రజా సంబంధాల విభాగంలో వాళ్లు పనిచేస్తారు, కానీ ఆకాశవాణి, దూరదర్శన్, ప్రభుత్వ ప్రకటనలు పత్రికలకు ఇచ్చే పీఐబీల్లో ఎక్కడికైనా వేయొచ్చు. విలేకరి దారిలో మొదట్లో జీతం తక్కువ, యుద్ధభూమికి వెళితే ప్రాణభయం నిజమే. 2021 జులైలో ఆఫ్ఘన్ సైనికులతో వెళ్లిన మన ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ స్పిన్ బోల్డక్‌లో చనిపోయారు. నన్నడిగితే డిగ్రీ అయ్యాక ఆర్మీ ప్రయత్నాలు చేస్తూనే, ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఒడిశాలోని ఢెంకనాల్ ఐఐఎంసీలోనో జర్నలిజం చదవనివ్వండి. విలేకరి కష్టం తెలిసినవాళ్లే మంచి పీఆర్వోలవుతారు. బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు, అప్పటికీ వయసు ఉంటుంది.

క్యాంపులు చేయనిదే ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ పరీక్ష రాయనివ్వరు. ఆ సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా, సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లే వీలుంది. కాలేజీలో ఎన్‌సీసీ ఆఫీసర్‌ని కలిసి తర్వాతి క్యాంపు ఎప్పుడో కనుక్కుని సంతకం పెట్టండి. బ్రోషర్ వాళ్లకు ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, రసీదు పట్టుకుని ఈ వారంలోనే వెళ్లి వెనక్కి అడగండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.