కోట చూడబోయే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సెలవు రోజు కోట చూడటానికి వెళ్లేవాళ్లకు వచ్చే సందేహాలు రాసి పంపమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చే ఏడింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. అందరం గోల్కొండ చూడాలని ఉంది. అమ్మను ఇంట్లో వదిలి వెళ్లక తప్పదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వదలొద్దమ్మా, తీసుకెళ్లండి. గోల్కొండ అంటే మెట్లెక్కడమే అనుకుంటారు గానీ, తీరిగ్గా చూడాల్సినవి చాలావరకు కొండ కిందే ఉన్నాయి. బాలాహిస్సార్ దర్వాజా, ఆయుధాగారం, నగీనా బాగ్, రాణీమహల్, తారామతి మసీదు, ఇవన్నీ అమ్మగారు నెమ్మదిగా చూడగలిగినవే. మధ్యలో అక్కడక్కడా రెండు మూడు మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు తగులుతాయి. చేతికర్ర తెచ్చుకుంటే దాని అడుగున రబ్బరు తొడుగు అరిగిపోలేదు కదా అని ఇంట్లోనే చూసుకోండి. అరిగిన కర్ర నున్నటి రాతి మీద జారుతుంది.

ఉదయం తొమ్మిదికల్లా టికెట్ కిటికీ దగ్గర ఉండండి. ఆదివారం ఆలస్యమైతే ఫతే దర్వాజా అనే బయటి గుమ్మం ఇరుకులోనే అరగంట పోతుంది. టికెట్ అక్కడ కొంటే 25 రూపాయలు, ఫోన్‌లో కొంటే 20. పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. లోపలికి వెళ్లాక రెండు జట్లుగా విడిపోండి. పెద్దవాళ్లలో ఒకరు అమ్మగారితో కిందే ఉంటే, మిగతావాళ్లు పిల్లలతో వెంటనే ఎక్కడం మొదలుపెట్టాలి. మెట్లు మూడువందల అరవైకి పైనే. ఆరేళ్ల పిల్లతో ముప్పావుగంట వేసుకోండి. దారిలో రామదాసు బందిఖానా, అంబర్‌ఖానా అనే ధాన్యాగారం తగులుతాయి. పైన జగదాంబ మహాకాళి గుడి, ఆపైన బారాదరి అనే దర్బారు మంటపం. పదకొండుకల్లా దిగేయండి. ఆ తర్వాత రాయి కాలుతుంది.

పైకి వెళ్లేటప్పుడు ఆయాసమే. జాగ్రత్తంతా దిగేటప్పుడు కావాలి. రాణీమహల్ వైపు దిగే దారి నిటారుగా ఉంటుంది, మెట్ల ఎత్తు ఒకటి జానెడు, మరొకటి మూరెడు. పిల్లలు చూపు అందక ముందుకు తూలతారు. పెద్దవాళ్లు ఒక మెట్టు కిందుండి చేయి అందించాలి. ఆ దారి రాణీమహల్ దగ్గరే తేలుతుంది కాబట్టి అమ్మగారిని అక్కడే కలుసుకోవచ్చు. నీళ్లు మనిషికి లీటరు, పిల్లలకు అరలీటరు చొప్పున పైకి మోసుకెళ్లండి. మరుగుదొడ్డి పని కిందే ముగించుకోండి.

ఆషాఢంలో అయితే ఆదివారం, గురువారం మానుకోండి. జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ కొండ మీది అమ్మవారి దగ్గరే. బోనం కోసం వెళ్తే అది వేరే సంగతి. కోట చూడటానికైతే ఆ జనంలో కాలు పెట్టే చోటుండదు.

ప్రశ్న: గోల్కొండ గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినపడుతుందన్నారు. ఎంత కొట్టినా మావాళ్లకు వినపడలేదు. గైడ్లు చెప్పే కబుర్లేనా?
– ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: కబుర్లు కావు, వినపడుతుంది. మీరు నిలబడ్డ చోటు తప్పయి ఉంటుంది, లేదా వేళ. బాలాహిస్సార్ దర్వాజా దాటగానే వచ్చే మంటపంలో గుమ్మటం నడిమధ్యకు సరిగ్గా కింద నిలబడాలి. తలెత్తి చూస్తే పైకప్పు పలకలు పలకలుగా చెక్కినట్టుంటుంది. శబ్దాన్ని కూడగట్టి బయటికి పంపేది ఆ కట్టుబడే. రెండడుగులు పక్కకు జరిగితే ఆ బలం ఉండదు.

అరచేతులు గుంటగా పెట్టి కొడితే బొంగురు చప్పుడొస్తుంది. చదునుగా పెట్టి ఫెళ్లున కొట్టండి. పైనున్నవాళ్లు బారాదరి దగ్గర, గుమ్మం వైపున్న అంచుకు రావాలి. ఫోన్లో మాట్లాడుకుని, మూడు చప్పట్లు కొట్టి ఆగి, మళ్లీ రెండు కొట్టండి. ఆ లెక్క లేకపోతే పదిమంది ఒకేసారి కొడుతున్న చోట మీది ఏదో పైవాళ్లకు తెలియదు. కోట తెరిచిన మొదటి అరగంట దీనికి మంచి వేళ. గుమ్మం దగ్గరికి ఎవరొచ్చారో పైనున్న కాపలాకు తెలియజేయడానికి చేసిన ఏర్పాటిది. ఆ కాలంలో అక్కడ ఇంత గోల ఉండేది కాదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలు నలభైమందిని గోల్కొండకు తీసుకెళ్తున్నాం. పరుగెత్తడం, ఫొటోలు తప్ప ఏమైనా నేర్చుకునేలా చేయడమెలా?
– ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: మాస్టారూ, లోపలికి వెళ్లేముందు పిల్లల్ని బాలాహిస్సార్ దర్వాజాకు ఎదురుగా అడ్డంగా కట్టిన గోడ బయట నిలబెట్టండి. "మీరు శత్రువులు, ఏనుగులతో వచ్చారు. తలుపు ఎలా బద్దలు కొడతారు?" అని అడగండి. తలుపును గుద్దాలంటే ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. ఆ గోడ పరుగుకు చోటివ్వదు, ఏనుగు ఒళ్లు తిప్పుకుని నెమ్మదిగా రావాల్సిందే. ఈలోగా పైనుంచి రాళ్లో, కాగిన నూనో పడతాయి. ఆ తర్వాత ఫతే దర్వాజా తలుపులు చూపించండి. ఇనుప మేకులు ఎంత ఎత్తున ఉన్నాయో, ఏనుగు కుంభస్థలం ఎంత ఎత్తుంటుందో పిల్లలే పోల్చుకుంటారు.

రెండో పాఠం నీళ్లు. కోటకు నీళ్లు దుర్గం చెరువు నుంచి వచ్చేవి. కొండ మీదికి ఒక్క ఊపున కాకుండా అంచెలంచెలుగా ఎక్కించారు. కింది తొట్టిలోని నీటిని ఎద్దులు తిప్పే రాట్నంతో పై తొట్టికి, అక్కడినుంచి ఇంకో పై తొట్టికి తోడేవారు. పైకి చేరిన నీరు గోడల్లో పొదిగిన కాల్చిన మట్టి గొట్టాల్లోంచి తనంతట తాను దిగి స్నానాల గదులకు, ఫౌంటెన్లకు వెళ్లేది. పగిలిన గోడల్లో ఆ గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. సున్నంలో పూడుకుపోయిన ఎర్రటి గుండ్రటి నోరు, ఒకదాని మూతి ఇంకొకదానిలో దూర్చిన అతుకు. పిల్లలచేత వాటిని వెతికించండి, వేలు మాత్రం పెట్టనివ్వొద్దు. ఆ అంచులు బిస్కెట్‌లా విరుగుతాయి.

చివరగా అంబర్‌ఖానా దగ్గర 1687 సంగతి చెప్పండి. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా ఈ గోడలు లొంగలేదు. లోపలివాడు లంచానికి తలుపు తీయడంతో కోట పోయింది. తిండిగింజలు, నీళ్లు, గుమ్మం, ఈ మూడూ చూశాక పిల్లలకు ఆ మాట గట్టిగా నాటుకుంటుంది.

పదిమందికి ఒక పెద్ద ఉండాలి. పదిహేను దాటినవాళ్లకు టికెట్ కావాలి గనక పుట్టినతేదీలతో బడి లెటర్‌హెడ్ మీద జాబితా పట్టుకెళ్లండి.

ప్రశ్న: వరంగల్ కోట గంటలో అయిపోతుందంటున్నారు. రైల్లో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లాలి. రామప్ప కూడా కలపొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కలపొద్దు. రామప్పకు రానుపోను దారిలోనే సగం పూట పోతుంది. దానికి మరో రోజు ఉంచుకోండి. గంటలో అయిపోయిందన్నవాళ్లు తోరణాల ఆవరణ చూసి వెనుదిరిగినవాళ్లు. కాజీపేటలో కాకుండా వరంగల్ స్టేషన్లో దిగండి, కోట దగ్గర. ఆటో అతనితో తోరణాల వరకే కాకుండా రాతికోట దర్వాజా దగ్గర ఆగేలా మాట్లాడుకోండి.

రాతికోటను గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి ముగించింది. బురుజులు 45. దర్వాజాలో దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో నిలబడి చుట్టూ చూస్తే నాలుగు వైపులా గోడ మీది కాపలావాళ్లకు మీరు దొరికిపోయారని అర్థమవుతుంది. గ్రానైటు దిమ్మెల మధ్య సున్నం లేదు, బరువు మీదే నిలిచాయి. గోడ లోపలివైపు మట్టికట్ట, దాని మీద రాతి మెట్లు. ఏ మూల దాడి జరిగినా సైనికులు అక్కడే పైకెక్కేవారు. బయట అగడ్త, ఆ అవతల మట్టికోట. మట్టికోటను చాలామంది చెరువుకట్ట అనుకుని దాటేస్తారు.

నాలుగు తోరణాలు కోట గుమ్మాలు కావు, వాటికి తలుపులు ఎన్నడూ లేవు. స్వయంభూ శివాలయ ఆవరణకు నాలుగు దిక్కులా పెట్టిన ప్రవేశాలవి. కొసల మీద హంసల్ని చూడండి. పక్కనే వాలుగోడల ఖుష్‌మహల్. ఎండ తగ్గాక 1163 నాటి వేయిస్తంభాల గుడి చూసుకుని రైలెక్కొచ్చు.

ప్రశ్న: స్నేహితులం ఆరుగురం గండికోటలో రాత్రి గుడారం వేయాలనుకుంటున్నాం. లోయ అంచున వేస్తే సూర్యోదయం బాగుంటుందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సూర్యోదయం బాగుంటుంది, అంచున గుడారం మాత్రం ప్రాణాంతకం. పెన్నా కోసిన గండి ఇది, ఊరి పేరే అందుకు సాక్ష్యం. అంచు వెంట చాలాచోట్ల కంచె లేదు, కింద సుమారు మూడువందల అడుగుల లోతు. అక్కడి ఎర్రరాయి పొరలు పొరలుగా పేర్చినట్టుంటుంది. చాపలా కనిపించే పలక కింద పగులుండొచ్చు, పలక మీద గులకరాళ్లు బూటు కింద గోళీల్లా దొర్లుతాయి. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయడం ఇక్కడ చేయకూడని మొదటి పని. పడుకుంటే మీ ఒళ్లు ఎంత పొడవో అంచుకు అంతకు రెండింతలు ఎడంగా ఉండండి. చీకటిపడ్డాక అటువైపు అసలే పోవద్దు.

గుడారాలకు అనుమతించిన చోటే వేయండి. గాలి ఎక్కువ గనక మేకులకు బదులు బరువైన రాళ్లతో తాళ్లు కట్టాలి. ఆ రాళ్లు కోటగోడ నుంచి తీసినవి కాకూడదు. మంట వద్దు. ఎండుగడ్డి అంటుకుంటుంది, పొగకు తేనెటీగలు లేస్తాయి. పాత కోటల కమానుల కింద పెద్దతేనె పట్లు ఉండటం మామూలే. పట్టు కనిపిస్తే గట్టిగా అరవకుండా, అత్తరు పూసుకోకుండా దూరంగా తప్పుకోండి. జమ్మలమడుగు 15 కిలోమీటర్లు, అక్కడే నీళ్లు, తినేవి కొనుక్కోండి. మనిషికి మూడు లీటర్లు లేకుండా రాత్రి ఉండొద్దు.

లోయ ఒక్కటే చూసి రావడం ఈ కోటకు అన్యాయం. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం నడక దూరంలోనే ఉన్నాయి. పెమ్మసాని నాయకుల కోట ఇది, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాం. టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ చూడాలంటే ఎంతసేపు పడుతుంది?
– ఒక దంపతులు, గుంటూరు

జవాబు: మీ పాత గుంటూరు జిల్లా వాళ్లకు ఆ ఆశ న్యాయమైనదే, అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. తెరవగానే లోపలికి వెళ్లి ముందు నగలుంచిన జ్యూయెల్ హౌస్‌కే నడవండి. మధ్యాహ్నానికి వరుస చాలా పెరుగుతుంది. కిరీటాల ముందు నేలే కదులుతూ మిమ్మల్ని తీసుకుపోతుంది గనక చూపు ముందే సిద్ధంగా ఉండాలి. రాజమాత ఎలిజబెత్‌కు 1937లో చేయించిన కిరీటాన్ని గుర్తుపెట్టుకుని వెతకండి, కోహినూర్ ఉన్నది అందులోనే. ఫొటో తీయనివ్వరు. వజ్రం అనుకున్నంత పెద్దదిగా కనిపించదు. 186 క్యారెట్లున్నదాన్ని 1852లో మళ్లీ కోసి 105.6కు తెచ్చారు. ఆ తర్వాత, ఎర్ర అంచుల దుస్తుల్లో ఉండే కాపలావాళ్లు కోట తిప్పి చూపిస్తారు, దానికి వేరే డబ్బులక్కర్లేదు. వైట్ టవర్‌లో మెలికల మెట్లు ఇరుకు, మోకాళ్లు ఒప్పుకుంటేనే ఎక్కండి.

ప్రశ్న: మా ఊరి పాత కోటగోడ మీద పేర్లు చెక్కేశారు, రావిమొక్కలు మొలిచాయి. కుర్రాళ్లం కలిసి తోమి, మొక్కలు పీకి, పగుళ్లకు సిమెంటు పెడదామనుకుంటున్నాం. ఏ బ్రష్ వాడాలి?
– ఒక యువజన సంఘం, ప్రకాశం జిల్లా

జవాబు: మీ మనసుకు దండం, కానీ ఆ మూడు పనులూ చేయొద్దు. ఇనుప బ్రష్ పేరుతో పాటు రాతి పైపొరనూ గీకేస్తుంది. రావిమొక్క వేరు రాళ్ల మధ్య బారెడు లోపలికి పోయి ఉంటుంది, పీకితే రాయీ కదిలి వస్తుంది. దాన్ని తెలిసినవాళ్లు మొదలు నరికి, వేరు లోపలే చచ్చేలా మందు పెట్టి, ఎండాక ఆ సందు పూడుస్తారు.

సిమెంటు అన్నింటికన్నా చేటు. పాత గోడ డంగుసున్నంతో కట్టింది. సున్నం తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది, గోడ కాస్త సర్దుకున్నా అదీ సర్దుకుంటుంది. సిమెంటు బిగుసుకుపోయి తడిని లోపలే ఆపేస్తుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు అలాగే ఉండి పక్కనున్న రాయి పెచ్చులూడుతుంది. పైగా అది కేంద్ర రక్షిత కట్టడమైతే, దెబ్బతీసినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మీరు చేయగలిగింది ఉంది. కోట ముందు బోర్డు చూస్తే అది కేంద్ర పురావస్తు శాఖదో రాష్ట్ర శాఖదో తెలుస్తుంది. ఆ కార్యాలయం అనుమతి తీసుకుని సీసాలు, ప్లాస్టిక్ ఏరండి. గాజుపెంకుల కోసం మందపాటి చేతితొడుగులు కావాలి. ప్రతి పగులునూ పక్కన అడుగుబద్ద పెట్టి ఫొటో తీసి, తేదీ, ఏ బురుజుకు ఏ వైపో రాయండి. ఆరు నెలలకు అదే చోట మళ్లీ తీయండి. పగులు పెరుగుతోందో లేదో ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అర్జీతో వాటినే జతచేసి, కాగితం అందినట్టు ముద్ర వేయించుకుని రండి.