రియోహా ద్రాక్షతోటల్ని బస్సులో దాటేయకండి

"సెప్టెంబరు చివర్లో అమ్మతో కలిసి స్పెయిన్‌లో కమీనో, అంటే సాంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే పాదయాత్ర, నడవబోతున్నాను. ఇద్దరం శాకాహారులం, మద్యం ముట్టం. దారిలో వచ్చే, వైన్‌కు పేరున్న రియోహా ప్రాంతాన్ని బస్సులో దాటేయవచ్చా?" అని మీరు అడిగారు. వద్దండి. నేనూ మద్యం ముట్టను. అయినా సాంతియాగో వరకు నడిచిన దాదాపు 780 కిలోమీటర్లలో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపించేది ఆ దారే.

రియోహా ముఖ్య నగరం లోగ్రోన్యోలో ఎబ్రో నది వంతెన దాటి, ఊరి చివర గ్రహేరా జలాశయం పక్కగా వెళ్తే నవర్రెతే వైపు నేల ఎర్రబడుతుంది. ముందురోజు రాత్రి వాన పడటంతో ఆ బంకమన్ను బూట్లకు పెళ్లలు పెళ్లలుగా అంటుకుంది. పుల్లతో గీకుతూ నడిచాను. నవర్రెతే కుండలకు పేరున్న ఊరు. ఆ మన్ను చేతికి అంటాక అది ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.

అక్కడి పాత తోటల్లో ద్రాక్షకు పందిరి ఉండదు. నడుమెత్తు కూడా లేని మొద్దులు వరుసగా నిలబడి ఉంటాయి. చూడటానికి ఎంత అందమో, నడిచేవాళ్లకు నీడ అంత కరువు. తెల్లవారకముందే బయలుదేరండి. ముఖ్యంగా నాహెరా తర్వాత అసోఫ్రా దాటితే సిరుయెన్యా వరకు సుమారు 9 కిలోమీటర్లు మధ్యలో ఊరే లేదు. అసోఫ్రాలోనే నీళ్లు నింపుకోండి.

మీరు వెళ్లేది కోతల కాలం. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ద్రాక్ష గుత్తి కోసి నా చేతిలో పెట్టి "బుయెన్ కమీనో" అన్నారు, అంటే యాత్ర బాగా సాగాలని. అది టెంప్రనియో రకం. మిగతా వాటికంటే ముందు పండుతుందని ఆ పేరు వచ్చింది. నలుపు తిరిగిన నీలం, మందమైన తోలు. కొరికితే తీపి, ఆ వెంటనే నేరేడు పళ్లు తిన్నట్టు నాలుకంతా వగరు. వేళ్ల మరక సాయంత్రానికి కూడా పోలేదు. అడగకుండా మాత్రం ఒక్క పండు కూడా తెంపకండి, అది వాళ్ల ఏడాది కష్టం.

వైన్ వద్దంటే అక్కడ ఎవరూ నొచ్చుకోరు. బార్లలో "మోస్తో" అని అడగండి, పులియని ద్రాక్షరసం ఇస్తారు. లోగ్రోన్యోకు ముందే, ఎస్తెయ్యా దాటగానే ఇరాచేలో యాత్రికుల కోసం 1991లో పెట్టిన వైన్ కుళాయి వస్తుంది. దాని పక్కనే నీళ్ల కుళాయి కూడా ఉంది. నేను సీసా నింపుకున్నది అక్కడే.

అసలు జాగ్రత్త తిండి దగ్గర కావాలి. "పతాతాస్ ఆ లా రియోహానా" అంటే బంగాళాదుంపల కూరే కదా అని తెప్పించుకున్నాను. రెండు ముద్దలు తిన్నాక చోరీసో ముక్క తగిలింది, అంటే పందిమాంసపు సాసేజ్. ఆ రాత్రంతా మనసు బాగాలేదు. మాంసం వద్దని చెబితే చాలదు. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" (మాంసం, హామ్, ట్యూనా లేకుండా) అని మూడూ చెప్పండి. లేదంటే కూరగాయల్లో హామ్ (పంది తొడమాంసం) ముక్కలు, సలాడ్‌లో ట్యూనా చేప వస్తాయి. గుడ్డు తింటారా? తింటే తోర్తియా, అంటే బంగాళాదుంపలు వేసిన గుడ్డట్టు, దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

సెప్టెంబరు 21 ప్రాంతంలో లోగ్రోన్యోలో సాన్ మతేయో పండుగ. ఆ వారం గది దొరకడం కష్టం, ఇప్పుడే చూసుకోండి. లోగ్రోన్యో నుంచి నాహెరా 29 కిలోమీటర్లు. అమ్మగారితో ఒక్క రోజులో వద్దు, నవర్రెతేలోనో వెంతోసాలోనో ఆగండి. నాహెరా నుంచి సాంతో దొమింగో ఊరు 21 కిలోమీటర్లు. అక్కడి పెద్ద చర్చిలో, గోడలో కట్టిన గూటిలో ప్రాణమున్న కోడిపుంజు, పెట్ట ఉంటాయి. నేరం చేయకుండానే ఉరి తీయబడిన యాత్రికుడు బతికే ఉన్నాడని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటే, "నా పళ్లెంలో వేయించిన కోడి ఎంత బతికుందో వాడూ అంతే" అన్నాడట న్యాయాధికారి. అంతలో ఆ కోడి లేచి కూసిందట. ఈ కథ అమ్మగారికి ముందే చెప్పకండి, ఆ గూటి కింద నిలబడి చెప్పండి.