ర్యూ కొట్టేది నిజంగా క్యొకుషిన్ కరాటేనా?

స్ట్రీట్ ఫైటర్ వీడియో గేమ్‌లో ర్యూది క్యొకుషిన్ స్టైలేనా, ఆ క్లాసులో చేరితే ఆ కిక్‌లు వస్తాయా అని అడిగారు. ర్యూ పాత్రలో క్యొకుషిన్ ఛాయ గట్టిగా ఉంది. దెబ్బలు మాత్రం చాలావరకు వేరు.

క్యొకుషిన్ వ్యవస్థాపకుడు మసుతాత్సు ఒయామా 1923లో కొరియాలో పుట్టాడు. జపాన్‌లో ఫునాకోషి అనే గురువు దగ్గర షోటోకాన్, తర్వాత గోజు-ర్యూ అనే కరాటే శైలులు నేర్చుకున్నాడు. కొండల్లో ఒంటరి సాధన, ఎద్దులతో తలపడటం ఆయన పేరును ఊరూరా మోశాయి. 1971లో మొదలైన ఒక మాంగా (జపనీస్ కామిక్) ఆ కథలను ఇంకా పెంచింది. గట్టి ప్రత్యర్థి కోసం దేశాలు తిరిగే ర్యూ ఆ అచ్చులో పోసినట్టే ఉంటాడు. 1987లో మొదటి స్ట్రీట్ ఫైటర్ తీసిన తకాషి నిషియామా తర్వాత ఎస్ఎన్‌కే అనే గేమ్ కంపెనీకి వెళ్లాడు. అక్కడ 1992లో వచ్చిన ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ గేమ్‌లో సకజాకి కుటుంబం ఆడేది 'క్యొకుగెన్' కరాటే. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. ర్యూ చేతుల నుంచి విసిరే శక్తి గోళం హడోకెన్‌కు మాత్రం కరాటేతో సంబంధం లేదు, ఒక అనిమే (జపనీస్ యానిమేషన్)లోని అంతరిక్ష నౌక ఫిరంగి నుంచి పుట్టిన ఆలోచన అది.

అసలు క్యొకుషిన్ పోటీలో గ్లవ్స్ ఉండవు. ముఖం మీద చేత్తో కొట్టకూడదు, తలకు కిక్ వేయవచ్చు. అందుకే ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించినంత దగ్గరగా నిలబడి పక్కటెముకలు, తొడలు బాదుకుంటారు. గేమ్‌కు దూరం కావాలి కాబట్టి ఈ పోరు తెర మీదకు సరిగ్గా రాలేదు. నాకు పెద్ద లోటుగా అనిపించేది లో కిక్, అంటే తొడ మీద వేసే కిక్. గేమ్‌లో ప్రతి దెబ్బా లైఫ్ బార్‌లో కొంత కోస్తుంది, అంతే. మ్యాట్ మీద మూడు నాలుగు సరిగ్గా పడితే ఆ కాలు బరువు మోయదు, ఆ కాలితో తిరిగి కిక్ వేయడమూ కుదరదు.

నేర్చుకోవాలంటే ముందు ఇదే నేర్చుకోండి. నేల మీద ఆనిన కాలి మడమను ప్రత్యర్థి వైపు తిప్పాలి, తిప్పకపోతే మెలిక మీ మోకాలి మీదే పడుతుంది. పాదం పైభాగంతో కాదు, ముంగాలి ఎముకతో, మోకాలికి జానెడు పైన తొడ బయటివైపు, కాస్త పైనుంచి కిందికి దిగేలా కొట్టాలి. కిందికి జారితే అవతలివాడి మోకాలికి తగిలి మీ పాదమే వాస్తుంది. అతను మోకాలు ఎత్తి అడ్డుపెడితే ఎముకకు ఎముక తగులుతుంది కాబట్టి ముందు కడుపులో రెండు పంచ్‌లు వేసి, బరువు ఆ కాలి మీద ఉన్నప్పుడే వేయాలి.

ర్యూ కిక్‌లలో డోజోలో (కరాటే నేర్పే చోట) అచ్చంగా దొరికేది స్ట్రీట్ ఫైటర్ 3లోని జోదాన్ సొకుతో గెరి. సొకుతో అంటే పాదం బయటి అంచు. మడమ వైపు అంచుతోనే తగలాలి, వేళ్ల వైపు తగిలితే చీలమండ మడతపడుతుంది.