చలికాలంలోనే ప్లాటర్ ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: నేను అమెరికాలోని మిన్నెసోటాలో చదువుకుంటూ, 35 ఎంఎం సినిమాలు వేసే ఓ చిన్న థియేటర్‌లో శనాదివారాలు ప్రొజెక్టర్ చూస్తుంటాను. మా ప్లాటర్‌లో, అంటే ఫిల్మ్ చుట్టని పడుకోబెట్టి తిప్పుతూ ప్రొజెక్టర్‌కి అందించే పెద్ద పళ్లెంలో, డిసెంబర్ నుంచి షో మధ్యలో ఫిల్మ్ వచ్చి నడిమధ్య ఉండే బ్రెయిన్‌కి (ఫిల్మ్ వదిలే వేగాన్ని చూసుకునే భాగానికి) చుట్టేసుకుంటోంది. మోటార్ మార్చాలా?

జవాబు: మోటార్ జోలికి అప్పుడే వెళ్లకండి. వేసవిలో బాగానే నడిచిందంటే ముందు అనుమానించాల్సింది స్టాటిక్‌ని, అంటే ఫిల్మ్ మీద పేరుకునే స్థిర విద్యుత్తుని. హీటర్ వేసిన ప్రొజెక్టర్ గదిలో గాలి పొడిబారి, పాలిస్టర్ ఫిల్మ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కటి రావాల్సిన చోట రెండు మూడు కలిసి జారి బ్రెయిన్‌కి చిక్కుకుంటాయి. హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 50 శాతం దగ్గర ఉంచండి, ఎర్త్ తీగ కూడా చూడండి. అయినా తగ్గకపోతే బ్రెయిన్‌లోని ఆర్మ్‌ని వేలితో కదపండి. పళ్లెం వేగాన్ని నడిపేది అదే కాబట్టి, మురికి పట్టి బిగుసుకుంటే ఫిల్మ్ అవసరానికి మించి వదిలేస్తుంది. అసలే ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది! చిక్కుపడితే బిగుసుకున్న ఫిల్మ్‌ని లాగకండి, ముందు ప్రొజెక్టర్ ఆపండి. పాలిస్టర్ అంత తేలిగ్గా తెగదండీ, రోలర్లనే వంచేస్తుంది.