కోట నార్మన్లది, కట్ట ఎవరిది?

ప్రశ్న: కిందటి వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు సాలిస్‌బరీ పక్కనున్న ఓల్డ్ సేరమ్ కోట చూశాము. కోటను 1070 ప్రాంతంలో, ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్లు కట్టారని, దాని చుట్టూ ఉన్న పెద్ద మట్టికట్ట మాత్రం క్రీస్తు పూర్వానిదని అక్కడ చెప్పారు. రాతి మీదైతే శాసనం ఉండవచ్చు; మట్టికి వయసు ఎలా తెలుస్తుంది? మన వైపు కూడా పాత కట్టలను ఇలా తిరిగి వాడుకున్న చోట్లు ఉన్నాయా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీకు అక్కడ చెప్పినది నిజమే. ఓల్డ్ సేరమ్ చుట్టూ ఉన్న బయటి కట్ట, కందకం ఇనుప యుగం నాటివి. అంటే నార్మన్లు వచ్చేసరికే వాటి వయసు వెయ్యేళ్లు దాటింది. కొత్త పాలకులు ఆ బయటి వలయాన్ని అలాగే ఉంచుకొని, దాని నడుమ లోపలి కందకం తవ్వి, ఆ మట్టితో దిబ్బ పోసి, దాని మీద కోట కట్టుకున్నారు. కోటకూ పాత కట్టకూ మధ్య మిగిలిన ఖాళీ స్థలంలో ప్రధాన చర్చి వెలిసింది. 1092లో ప్రతిష్ఠించిన ఆ చర్చి 1220లో కింది మైదానానికి తరలిపోవడంతోనే నేటి సాలిస్‌బరీ పుట్టింది. పరాయి దేశాన్ని గెలిచి, తక్కువ మందితో దాన్ని త్వరగా అదుపులో పెట్టుకోవలసిన వారికి, తవ్వి సిద్ధంగా ఉన్న కందకం ఎంత శ్రమను మిగిల్చిందో ఊహించుకోవచ్చు.

ఇక మట్టి వయసు సంగతి. కట్టకు అడ్డంగా సన్నని గాడి తవ్వి, ఆ గాడి గోడను నునుపుగా చెక్కి చూస్తే పొరలు కనబడతాయి. వాటిలో అన్నింటికన్నా విలువైనది కట్ట అడుగున నలిగిపోయిన పాత నేల. మొదటి గంప మట్టి పడిన రోజున అక్కడ ఉన్న పచ్చిక, సుద్ద నేలల్లోనైతే తెల్లని మట్టి కింద నల్లని చారగా నిలిచిపోతుంది. ఆ చారలో దొరికిన కుండపెంకు ఏ కాలానిదైతే, కట్ట దానికంటే ముందుది కాజాలదు. కట్ట మట్టిలోనే దొరికిన పెంకులను మాత్రం ఇంకొంత జాగ్రత్తగా చూడాలి. కట్ట పోసినవారు పక్కనున్న పాత ఊరి మట్టినే తవ్వి పోసి ఉంటే, పెంకులు కట్టకంటే వందల ఏళ్లు పాతవై ఉంటాయి. ఈ ఒక్క మెలకువ తప్పితే కోట వయసే తారుమారవుతుంది.

కట్టను ఎవరైనా మళ్లీ ఎత్తు చేసి ఉంటే, పాత కట్ట పైభాగాన గడ్డి మొలిచిన రెండో నల్లని చార, దాని మీద కొత్త మట్టి కనబడతాయి. కందకంలోనూ ఇలాంటి ఆనవాలే ఉంటుంది: పూడిపోయిన పాత మట్టిని కోసుకుంటూ దిగిన కొత్త తవ్వకపు గీత. పూడిక ఎంత వేగంగా చేరుతుందో తెలుసుకోవడానికి ఓల్డ్ సేరమ్ ఉన్న విల్ట్‌షైర్ జిల్లాలోనే ఓవర్టన్ డౌన్ అనే చోట 1960లో పరిశోధకులు కొత్తగా ఒక కట్ట పోసి, పక్కన కందకం తవ్వారు. దాన్ని పోసిన 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్ల తర్వాత ఒక్కొక్కసారి కోసి చూడాలని నిర్ణయించారు. చివరి కోత 2088లో. తాము చూడబోని ఫలితం కోసం కట్ట పోసిన ఆ మనుషులంటే నాకు ఎనలేని గౌరవం. మొదటి కొన్నేళ్లలోనే గట్ల నుంచి రాలిన గరుకు మట్టి అడుగున వేగంగా చేరుతుందని, ఆ తర్వాత పూడిక బాగా నెమ్మదిస్తుందని దాని వల్ల స్పష్టమైంది.

బొగ్గు ముక్క దొరికితే కార్బన్ పరీక్ష చేస్తారు. అదీ లేకపోతే, ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో లెక్కగట్టే కాంతి పద్ధతి ఉంది. మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల వయసు కట్టడానికి కూడా దాన్ని వాడారు. అయితే గంపలతో గుమ్మరించిన మట్టికి సరిగా ఎండ తగలదు కనుక, కట్ట నడిమి మట్టి కంటే కందకంలో మెల్లగా చేరిన సన్నని పూడికే ఈ పరీక్షకు మేలు.

మన వైపు చూడదగినది భువనేశ్వర్ పక్కనున్న శిశుపాల్‌గఢ్. అది మధ్యయుగపు కోట కాదు, అంతకన్నా చాలా పాత నగరం. కానీ కట్టను తిరిగి వాడుకోవడం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపించింది. 1948లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ దాని కట్టను కోసి చూసినప్పుడు, అడుగున సుమారు 33 మీటర్ల వెడల్పు, 7 మీటర్లకు పైగా ఎత్తున్న బంకమట్టి కట్ట, దాని మీద ఎర్రరాతి గులక పొర, ఆ పైన ఇటుక గోడలు వరుసగా బయటపడ్డాయి. ఒక్కొక్క తరం కింది పనిని కూల్చకుండా దాని మీదనే తన పని చేసింది. ఓరుగల్లు మట్టికోట సంగతి వేరు. అది కాకతీయులే పోసిన కట్ట. అయినా 1323లో వారి రాజ్యం పోయాక ఆ కట్టను, కందకాన్ని వచ్చినవారందరూ వాడుకున్నారు.

మీరు ఈసారి ఓల్డ్ సేరమ్ వెళితే లోపలి కోట చూసి వెనుదిరగకండి. బయటి కట్ట పైకెక్కి, రెండు వలయాలూ ఒకేసారి కనిపించే చోట నిలబడి చూడండి.